ఆళ్లగడ్డ బస్సులో మైక్రోస్కోపు

నా ఉద్యోగ జీవితంలో ఒకే ఒక్కసారి దొంగతనం చేశాను. నంద్యాలలో నేను పనిచేసిన నర్సింగ్ హోము మైక్రోస్కోపును మా అమ్మ బురఖా కింద దాచుకుని ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. ఈ మాట మొన్న ఒక ల్యాబులో చెబితే అక్కడి టెక్నీషియన్ అమ్మాయి, "అట్లా చెయ్యకుండా ఉండాల్సింది మేడమ్" అంది. ఎందుకు ఉండాలి? ఇప్పుడు మళ్లీ అవసరం పడితే మళ్లీ చేస్తాను. మోకాళ్లు బాగాలేవు కాబట్టి ఈసారి ఆటోలో పోతాను, అంతే తేడా.

ఇది ల్యాబుల్లో కొత్తగా చేరిన మీకోసం రాస్తున్నాను. మీకిప్పుడు గొట్టం పెడితే మిషనే అంకె చెబుతుంది. మంచిదే. మా రోజులే గొప్పవని మిమ్మల్ని దబాయించను. మేం పరీక్షలు చేత్తో చేసేవాళ్లం, తప్పులు కూడా చేత్తోనే చేసేవాళ్లం. అట్లాంటి తప్పు ఒకటి చెబుతాను. ఎవరి పేర్లూ చెప్పను. తప్పు మాత్రం నాదే, దాన్ని ఎవరి మీదికీ నెట్టను.

డెబ్బైల చివరి మాట. మా నాయన నంద్యాల బజారులో వాచీలు బాగుచేసేవాడు. మా బంధువుల్లో కర్నూలు పోయి ల్యాబు కోర్సు చదివిన మొదటి ఆడపిల్లని నేనే. ఒంటేలూ కఫమూ చూసే ఉద్యోగం ఆడపిల్లకు ఏందని చుట్టాలు గోల పెడితే, మా నాయన, "వాచీల్లో మురికి నేను చూస్తాండా, మనుషుల్లో మురికి అది చూస్తాది, ఏం తేడా?" అని వాళ్ల నోరు మూయించాడు.

నర్సింగ్ హోము వెనక గది నా ల్యాబు. కిటికీ వెలుతురును అద్దంతో పట్టుకునే మైక్రోస్కోపు, బల్లకు బిగించి చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజు, స్పిరిటు దీపం, కరెంటు ఉన్నప్పుడు పనిచేసే ఇంక్యుబేటరు. డాక్టరుగారు యాభై దాటిన మనిషి. హస్తవాసి మంచిదని కోయిలకుంట్ల, మిడుతూరు, పాములపాడు నుంచి కూడా వచ్చేవాళ్లు. ఆయనకు ఒకే లోపం, ఒకసారి తేల్చిన దాన్ని మళ్లీ తిరిగి చూడడు. ఆ లోపం నాకూ దండిగానే ఉండేది. మూడోవాడు కాంపౌండరు. సూదులు వేసేవాడు, ఊళ్లో వార్తలు మోసేవాడు. రెండో పని మొదటిదానికంటే బాగా చేసేవాడు.

మాకొక పద్ధతి ఉండేది. రిపోర్టు రోగి చేతికి ఇచ్చేవాళ్లం కాదు, వెంట వచ్చిన మగమనిషి చేతికి ఇచ్చేవాళ్లం. ఆడమనిషి ఒంటరిగా వస్తే ఇంటాయన్ని పంపమని తిప్పి పంపేవాళ్లం. నేనూ ఆడదాన్నే కదా, ఒక్కసారైనా అది తప్పనిపించలేదు. పైగా నేనొకటి సొంతంగా కనిపెట్టాను. సవాయి రోగం, అంటే సిఫిలిస్, పరీక్షలో తేడా వస్తే ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు కొట్టేదాన్ని. డాక్టరుగారి కంటికి వెంటనే ఆనాలని నా తెలివి. ఆయన కంటికే కాదు, చదువురానివాళ్ల కంటికి కూడా ఆనేది.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు పక్కన మొగుడున్నాడు. ఆళ్లగడ్డలో టీచరు, క్రైస్తవుల అమ్మాయి, ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. మొగుడిది కోయిలకుంట్ల, ఏదో ఆఫీసులో గుమస్తా. రెండు కాన్పులు మూడో నెల, నాలుగో నెలల్లోనే పోయాయి. కీళ్ల నొప్పులు, దువ్వితే కుచ్చులుగా ఊడే జుట్టు. ఎండలో పోతే ముక్కుకు రెండు పక్కలా బుగ్గలు ఎర్రబడి మండుతాయని చెప్పింది. మా ఎండల్లో ఎర్రబడని బుగ్గ ఏదమ్మా అని నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు మంట.

కాన్పులు వరసగా పోతున్నాయంటే సవాయి పరీక్ష చేయించడం అప్పటి అలవాటు. రక్తంలోని తేటను వేడిచేసి, గుంటల పలక మీద ఒక చుక్క వేసి, దానికి మందు చుక్క కలిపి తిప్పుతాం. రోగముంటే సన్నటి ఉండలు కడతాయి. ఆమె చుక్కలో సన్నగా ఉండలు కట్టాయి. అక్కడితో ఆగకూడదు. తేటను పలచన చేసుకుంటూ పోయి, ఎంత పలచన దాకా ఉండలు నిలబడతాయో చూడాలి. ఆ లెక్క రిపోర్టులో రాయాలి. ఆ మందు కర్నూలు నుంచి చిన్న సీసాల్లో వచ్చేది. నెలాఖరు, సీసాలో అడుగంటింది. ఈమెకింకా పలచన చెయ్యడం ఎందుకులే, కనబడుతూనే ఉంది కదా అనుకున్నాను. ఎర్ర సిరాతో పాజిటివ్ అని రాసి, రెండు గీతలు కొట్టి, మొగుడి చేతిలో పెట్టాను.

మర్నాడు మొగుడి రక్తం కూడా చూశాం. శుభ్రంగా ఉంది. దానికి నల్ల సిరా వాడాను. ఇక కథ ఎట్లా నడిచిందో మీరే ఊహించుకోండి. కాంపౌండరు ఆమెకు రెండో సూది వేసే సరికే వార్త కోయిలకుంట్ల చేరింది. మొగుడు శుభ్రం, పెండ్లాం రోగిష్టి, మరి రోగం యాడనుంచి వచ్చిందని అత్త వాకిట్లో నిలబెట్టి అడిగిందట. ఆమెను ఆళ్లగడ్డలో తండ్రి ఇంటికి పంపేశారు. కాంపౌండరు ఇదంతా టీ తాగుతూ చెబితే నేనూ టీ తాగుతూ విన్నాను. టీచరమ్మ అయ్యుండి ఇదేం బుద్ధి అని కూడా అన్నాను. అన్న మాటను ఇప్పుడు మీ దగ్గర దాచుకోవడం ఎందుకు?

ఆరునెలలకు, దసరా సెలవుల్లో, ఆమె ఒంటరిగా వచ్చింది. మొదట గుర్తుపట్టలేదు. మొహం ఉబ్బి కళ్లు సన్నబడ్డాయి. పాదాలు వాచి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగాయి. నేను అలవాటు ప్రకారం ఇంటాయన్ని పంపమన్నాను.

"ఇంటాయన ల్యాడక్కా. నా రక్తం, నాకే చెప్పు," అంది. "నీ చేత్తో రాసినావు. నీ చేత్తోనే మళ్ల చూడు. నేను ఏ తప్పూ చెయ్యలా."

ఏడుస్తూ అనలేదు. బడిలో పిల్లకు లెక్క తప్పొస్తే మళ్లీ చెయ్యమన్నట్టు అంది. నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపంతోనే రక్తం తీశాను, నీ సంగతి ఈసారి పలచన చేసి మరీ తేలుస్తానని.

తేలింది. ఒకసారి పలచన చేస్తే ఉండలు మాసిపోయాయి. రెండోసారికి ఏమీ లేవు, చుక్క తేటగా ఉంది. నిజంగా ఆ రోగమున్న వాళ్ల రక్తం చాలామందిలో అంత తొందరగా తేటపడదు. పైగా ఆరునెలల కింద అన్ని సూదులు వేసినా, పలచన చెయ్యని చుక్కలో రవ్వంత మార్పు లేదు, అవే సన్నటి ఉండలు. ఒంటేలు పట్టి తెమ్మన్నాను. గొట్టాన్ని దీపం మీద పెడితే పై సగం విరిగిన పాల మాదిరి తెల్లగా గట్టిపడింది. ఆసిడ్ చుక్కలు వేసినా కరగలేదు. ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తు మూత్రంలో కొట్టుకుపోతోంది, అంటే మూత్రపిండాలు కారిపోతున్నాయి.

కోర్సు నాటి నోట్సు పెట్టెలోంచి తీశాను. ఆ పరీక్ష గురించి రాసుకున్న పేజీలో, చివర చిన్న అక్షరాలతో ఒక ముక్క ఉంది. కొన్ని ఇతర జబ్బుల్లో కూడా ఇది ఉండలు కట్టి మోసం చేస్తుంది అని. మలేరియా, కుష్టు, లూపస్. పరీక్షకోసం బట్టీపట్టి, మార్కులు తెచ్చుకుని, మరిచిపోయిన ముక్క. మలేరియా చూశాను, లేదు. కుష్టు మచ్చలు లేవు. ఇక మిగిలింది ఒకటే.

లూపస్ అంటే మీకు నేను చెప్పక్కర్లేదు. బయటి పురుగుల మీద పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ తన ఒంటి కణాల మీదే, కణాల నడిమి కేంద్రకం మీదే, విరుగుడు, అంటే యాంటీబాడీ, తయారు చేసుకుంటుంది. ఆ విరుగుడూ అది పట్టుకున్న సరుకూ ముద్దలు కట్టి పోయి మూత్రపిండాల జల్లెడలో ఇరుక్కుంటాయి. అక్కడ వాపు రేగి జల్లెడ చిరుగుతుంది. ఆ విరుగుళ్లలో కొన్ని మా సవాయి పరీక్ష మందుకు కూడా అంటుకుంటాయి. కడుపులో పిండాన్ని నిలవనియ్యనివీ చాలాసార్లు అవే. అంటే కాన్పులు పోయినందుకు ఏ పరీక్ష చేశామో, ఆ పరీక్షను తప్పుదారి పట్టించింది కాన్పులు పోగొట్టిన జబ్బే. ఆమె ఒళ్లు ఆమె మీద పితూరీ చెబితే, నేను ఎర్ర సిరాతో సంతకం పెట్టాను.

అప్పట్లో దీనికి మాకు తెలిసిన పరీక్ష ఒకటే, ఎల్.ఇ. కణం. రక్తాన్ని ఒంటి వేడిలో రెండు గంటలు ఉంచాలి. ఆ లోపల చితికిన కణాల కేంద్రకాలను విరుగుడు పట్టుకుంటుంది, దాన్ని ఒక తెల్లకణం వచ్చి మింగుతుంది. మింగిన కణం కనబడితే జబ్బు దొరికినట్టే. నేను మొదలుపెట్టే సరికి కరెంటు పోయింది. ఇంక్యుబేటరు చల్లబడిపోయింది. ఒంటి వేడి కావాలంటే ఇంక్యుబేటరే ఎందుకు, నా ఒళ్లుంది కదా. గొట్టానికి గట్టి బిరడా కొట్టి, గుడ్డ చుట్టి, చంకలో పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఎడమచెయ్యి కదపలేదు. కాంపౌండరు వచ్చి, గుడ్డు పొదుగుతాండావా అని అడిగాడు. అవును, బయటికొచ్చేది నిన్నే ముందు కరుస్తాది అన్నాను.

ఆ తర్వాత గడ్డకట్టిన రక్తాన్ని మా ఇంటి టీ జల్లెడలో మెదిపి, గొట్టంలో పోసి సెంట్రిఫ్యూజులో తిప్పి, పైన తేలిన తెల్లకణాల పొరతో మూడు స్లైడ్లు చేశాను. ఆ జల్లెడ మళ్లీ ఇంటికి పోలేదు లెండి. మొదటి స్లైడులో ఏమీ లేదు. రెండోదాంట్లోనూ లేదు. మూడోదాని అంచున ఉంది. ఒక తెల్లకణం, దాని కడుపు నిండా నున్నటి ఊదారంగు ముద్ద, దాని సొంత కేంద్రకం పక్కకు నెట్టుకుపోయి అంచుకు అతుక్కుని ఉంది. కాస్త జరిపితే ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి. యా అల్లా అనుకున్నాను. కర్నూలులో మా టీచరు ఒక్కసారి చూపించిన కణం అది.

ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంది. అప్పుడే లేచిపోయి చెప్పి ఉంటే ఈ కథ ఇంత పొడుగయ్యేది కాదు. డాక్టరుగారితో మాట్లాడకుండా చెప్పకూడదని, పై వారం రమ్మని పంపేశాను. నా రెండో తప్పు అది. మొదటిది తొందరవల్ల చేశాను, ఇది భయంవల్ల చేశాను.

డాక్టరుగారు స్లైడు మీద కన్ను పెట్టి ఒక్క క్షణంలో తీసేశారు. అట్లా కనబడే వేరే మామూలు కణాలుంటాయి, నువ్వు టెక్నీషియన్‌వి, డాక్టరువి కాదు అన్నారు. నేను రెండో కణం చూడమన్నాను, చూడలేదు. ఒకసారి ఇచ్చిన రిపోర్టు మార్చామని తెలిస్తే మన గడప ఎవరూ తొక్కరని అన్నారు. నేను రిజిస్టరులో రాశాను: ఎల్.ఇ. కణాలు ఉన్నవి, పాత పాజిటివ్ పొరపాటు. ఆయన దాన్ని కొట్టేశారు. కింద మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశారు. మూడోసారి రాసి సంతకం పెట్టాక కొట్టెయ్యలేదు గానీ, ఈ కాయితం బయటికి పోతే నువ్వూ పోతావని చెప్పారు.

పై వారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అప్పుడు ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక మంత్రసాని చెప్పింది. టీచరమ్మ మంచం పట్టింది, ఒళ్లంతా నీరు, అన్నం పోవడం లేదు. తండ్రి ఏ ఆస్పత్రికీ తీసుకుపోనని కూర్చున్నాడు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి సంఘ పెద్దలు వాళ్ల ఇంట్లోనే కూర్చుని, ఆమెను ప్రభువు బల్లకు, అంటే చర్చిలో రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే చోటికి, రానియ్యకూడదని తీర్మానం రాస్తారు. ఆ పెద్దల్లో తండ్రి ఒకడు.

చిన్న ఊరికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, నా రాత ఆమెను చంపుతోంది. జబ్బు చంపితే జబ్బు చంపిందని ఊరుకోవచ్చు. ఇక్కడ మందు ఉంది, ముప్పై కోసుల అవతల కర్నూలులో పెద్దాస్పత్రి ఉంది, మధ్యలో అడ్డం నా కాయితం ఉంది.

శనివారం ల్యాబు మూస్తూ మైక్రోస్కోపును తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చాను. మా నాయన దాన్ని చూశాడు, ఎవరిదని అడగలేదు. అద్దం తుడిచి, జారుతున్న మర ఒకటి బిగించి ఇచ్చాడు. పొద్దున్నే మా అమ్మ బురఖా వేసుకుని బస్సెక్కాను. మామూలుగా నేను వేసుకునేదాన్ని కాదు, ఆరోజు మాత్రం దాని గొప్పతనం తెలిసొచ్చింది. శిరివెళ్ల దాటాక కండక్టరు, ఒళ్లో ఏందమ్మా, బిడ్డా అని అడిగాడు. అవునన్నా, నిద్రపోతాంది, కదిలియ్యాకు అన్నాను. దారంతా ఆ బిడ్డ ఇనప పాదం నా తొడలో గుచ్చుకుంటూనే ఉంది.

నేను పోయేసరికి వాకిట్లో చాప మీద పెద్దలు కూర్చుని ఉన్నారు. మధ్యలో పాస్టరు, వాళ్లు అయ్యగారు అంటారు. పక్కన తండ్రి, శనగచేన్లలో కూలి చేసి కూతుర్ని చదివించిన మనిషి, తల వంచుకుని ఉన్నాడు. లోపల మంచం మీద ఆమె గోడకు ఆనుకుని అన్నీ వింటోంది. బురఖా వేసుకున్న తురకమనిషి తువ్వాలు మూటతో వాకిట్లోకి వచ్చేసరికి అందరూ నావైపు తిరిగారు. నేనెవరో చెప్పాను. ఆమెను వెంటనే కర్నూలుకు తీసుకుపోవాలన్నాను.

తండ్రి తల ఎత్తాడు. "ఒక ఆస్పత్రికి పోతే ఈ పేరు పెట్టి పంపినారు. ఇంకా పెద్దదానికి పోతే ఇంకేం పేరు పెడతారో. నా బిడ్డ సస్తే ఇంట్లో సావనీ తల్లీ. నువ్వు పో."

"ఆ పేరు పెట్టింది నేనే, పెద్దాయనా," అన్నాను. "డాక్టరు కాదు, ఊరు కాదు. నేను. నేను చెయ్యాల్సిన పని సగమే చేసి రాసినా. నీ బిడ్డకు ఆ రోగం ల్యా. ఎప్పుడూ ల్యా."

అంత మాట అనడానికి నంద్యాల నుంచి ఎన్నిసార్లు నోట్లో తిప్పుకున్నానో. అన్నాక మాత్రం భయం పోయింది. మైక్రోస్కోపును వాకిట్లో అరుగు మీద ఎండ తగిలేలా పెట్టి స్లైడు బిగించాను. అయ్యగారు మొదట చూశారు. ఏవో వెంట్రుకలు కనబడుతున్నాయన్నారు. అవి మీ కనురెప్పలే, కాస్త వెనక్కి జరగండన్నాను. ఒక పెద్దాయన నవ్వబోయి ఆపుకున్నాడు. ఆ తర్వాత అయ్యగారికి కణం కనబడింది. చాలాసేపు చూశారు.

ఊరికి కాపలా పెట్టుకున్నవాళ్లే ఇంట్లోవాళ్లను దొంగలనుకుని కొడుతున్నారు, కొట్టిన చోట పడిన చెత్తంతా పోయి మూత్రపిండాల్లో అడ్డం పడుతోంది అని నాకు చేతనైనట్టు చెప్పాను. మరి ఆ రోగం పరీక్షలో ఎందుకు దొరికిందని ఒక పెద్దాయన గట్టిగా అడిగాడు. సరైన ప్రశ్నే. ఆ పరీక్ష రోగాన్ని నేరుగా చూడదు, రక్తంలో విరుగుడును చూస్తుంది, ఈ జబ్బులో అట్లాంటి విరుగుడే పుడుతుంది, పలచన చేసి చూస్తే తేడా తెలుస్తుంది, నేను చెయ్యలేదు అన్నాను. రెండోసారి పలచన చేసిన కాయితం చూపించాను. మొగుడికి ఎందుకు రాలేదో కూడా చెప్పాను. లేని రోగం ఎట్లా అంటుతుంది?

అయినా వాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. పట్నం నుంచి ఎవరో వచ్చి గాజుముక్క చూపిస్తే తీర్మానం మార్చుకుంటామా అని ఒకాయన. వచ్చే నెల కూర్చుని ఆలోచిద్దామని ఇంకొకాయన. వచ్చే నెల! ఆమె పాదాల మీద వేలు పెడితే గుంట పడి అట్లాగే ఉండిపోతోంది, వీళ్లకు వచ్చే నెల కావాలి. నేను నోరు తెరవబోయాను. అంతలో ఆమె గోడ పట్టుకుని లోపలి నుంచి వచ్చింది. ఎవరూ చెయ్యి పట్టలేదు. అరుగు దగ్గర వంగి గొట్టంలో చూసింది.

ఇది నాదేనా అని అడిగింది. నీదే అన్నాను. చాలాసేపు చూసి, లేచి, చాప వైపు తిరిగింది.

"నేను కర్నూలు పోతాండా. మీరు తీర్మానం రాసుకోండి. బతికొస్తే చదివించుకుంటా."

ఆ మాట తర్వాత వాకిట్లో ఎవరికీ పని లేకుండా పోయింది. తండ్రి లేచాడు. లోపలికి పోయి ఆమె రేకు పెట్టె తెచ్చి భుజాన పెట్టుకున్నాడు, అంతే. అయ్యగారు రాసి పెట్టుకున్న కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, బస్టాండు దాకా మాతో నడిచి వచ్చారు.

కర్నూలు బస్సు నంద్యాల మీదుగానే పోవాలి. నేను తండ్రినీ కూతుర్నీ నేరుగా నర్సింగ్ హోముకు తీసుకుపోయాను. ఆదివారం, డాక్టరుగారు మేడ మీద ఇంట్లో ఉన్నారు. కిందికి దిగి, నా చేతిలో తువ్వాలు మూటను చూశారు, ఆమె పాదాలను చూశారు. వంగి బొటనవేలితో ఒత్తి, ఆ గుంట పూడకపోవడం చూస్తూ కూర్చున్నారు. స్లైడు కోసం నావైపు చెయ్యి చాచారు. ఈసారి ఒక్క క్షణంలో తియ్యలేదు. తర్వాత పెద్దాస్పత్రికి ఉత్తరం రాశారు. అందులో, మేము ఇచ్చిన పాత రిపోర్టు తప్పు అని ఆయన చేత్తో ఆయనే రాశారు. ఆ మాట రాయడం ఎంత కష్టమైందో ఆయన మొహంలో కనబడింది. ఉత్తరం ఆమె తండ్రికి ఇవ్వబోతే నేను మధ్యలో అందుకుని ఆమె చేతిలో పెట్టాను. వాళ్లు పోయాక నాతో అన్న మాట ఒకటే, స్లైడు చూడటానికి వేసిన నూనెను లెన్సు మీదనుంచి తుడవకుండా మూటకట్టావని. మూడు వారాలు మాట్లాడలేదు. ఉద్యోగం మాత్రం తియ్యలేదు.

కర్నూలులో లూపస్ అనే తేల్చారు. సూదితో మూత్రపిండం ముక్క తీసి చూడటం అప్పటికి మా దాకా రాలేదు. కాపలావాళ్లను అణిచే స్టెరాయిడ్ మాత్రలు దండిగా ఇచ్చారు. నాలుగు నెలలకు తిరిగొచ్చింది, మాత్రలవల్ల మొహం పళ్లెం మాదిరి గుండ్రంగా ఉబ్బి, నడక మాత్రం నిటారుగా. తీర్మానం ఎవరూ చదవలేదు. అయ్యగారు ఆ కాయితాన్ని ఏం చేశారో నాకు తెలీదు. ఆమె మళ్లీ బడికి పోయింది. ఎనభైల్లో హెడ్మిస్ట్రెస్ కూడా అయింది.

మొగుడు ఒకరోజు నా ల్యాబుకు వచ్చాడు. ఆమె రక్తం మంచిదని ఒక కాయితం రాసిస్తే తీసుకుపోయి కాపురం చేసుకుంటానన్నాడు. ఆమె రక్తం కాయితం ఆమెకే ఇస్తాను, పోయి ఆమెనే అడగమన్నాను. అడిగాడట. రక్తానికి పూచీకత్తు అడిగేవాడితో కాపురం నాకొద్దని బడి గేటు దగ్గరే చెప్పి, గంట కొట్టే టైమైందని లోపలికి పోయిందట.

ప్రతి నెలా ఒంటేలు పరీక్షకు నా దగ్గరికే వచ్చేది. దీపం మీద గొట్టం తనే పట్టుకునేది. మొదట్లో విరిగిన పాలు, తర్వాత మజ్జిగ తేట, తర్వాత సన్నటి పొగ. ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున గొట్టం కాగి పొంగి బుడగలు వచ్చినా తెల్లబడలేదు. కిటికీకి ఎదురుగా పెట్టి చూశాం, అవతలి రోడ్డు కనబడుతోంది. ఏమీ లేదని రాసి కాయితం ఆమె చేతికిచ్చాను. ఆమె అక్షరం అక్షరం చదివి మడుచుకుంది. అప్పుడు అడిగాను, ఏడాదిన్నరగా గొంతులో పెట్టుకున్న మాట. నన్ను క్షమించమని.

ఆమె కాయితాన్ని సంచిలో పెట్టుకుంది. మొహమాటానికి అబద్ధం చెప్పే రకం కాదు.

"ప్రార్థనలో కూడా ప్రయత్నం చేసినానక్కా. నోటికి రాలే," అంది. "పై నెల పొద్దున్నే వస్తా. ఇంకెవురి చేతికీ ఇయ్యాకు, నువ్వే చూడల్ల."

పై నెల పొద్దున్నే వచ్చింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు, ప్రతి నెలా, నన్ను క్షమించకుండానే వచ్చింది.